గోడలు తీసేసిన పబ్బులు
(మాంచెస్టర్‌లో తెలుగువాళ్ళ నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఈ వానలో కూడా ఇంతమంది వచ్చినందుకు చాలా సంతోషంగా ఉంది. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకి రండి, ఇక్కడ కుర్చీలున్నాయి.

ఈ ఊరి నడిబొడ్డున ఒకప్పుడుండి ఇప్పుడు లేని పబ్బుల గురించి చెప్పమన్నారు. ముందే ఒక విషయం చెప్పేస్తాను. నాకు మద్యం అలవాటు లేదు. 1984లో యూమిస్ట్ అనే ఇక్కడి సాంకేతిక విద్యాసంస్థలో టెక్స్‌టైల్ టెక్నాలజీ చదవడానికి వచ్చాను, అప్పటి నుంచీ ఇక్కడే ఉన్నాను. ఇన్నేళ్ళలో పబ్బుల్లో నేను తాగినవి లెమనేడ్, నారింజ రసం, అంతే. అయినా ఈ విషయం మీద మాట్లాడతానని ఒప్పుకున్నాను. ఎందుకంటే ఈ దేశంలో నాతో మొదటిసారి తీరిగ్గా కూర్చుని మాట్లాడిన మనుషులు నాకు క్లాసులో దొరకలేదు, ఇరుగుపొరుగులో దొరకలేదు. పబ్‌లో దొరికారు.

అప్పుడు నేనుండే గదిలో హీటర్‌కి ఒక మీటరుండేది. అందులో యాభై పెన్నీల నాణెం వేస్తేనే వేడి వచ్చేది. నాణెం అయిపోతే చలి. మొదటి నవంబరులో మా ల్యాబ్ టెక్నీషియన్ ఒకాయన నన్ను చూసి, "పద, వెచ్చగా కూర్చుందాం" అని కాలవ పక్కనున్న ఒక చిన్న పబ్‌కి తీసుకెళ్ళాడు. ఆ పబ్ పేరు నేను చెప్పను. దాన్ని నడిపిన దంపతుల పిల్లలు ఇప్పటికీ ఈ ఊళ్ళోనే ఉన్నారు, తాము పెరిగిన ఇంటి గురించి సభల్లో మాట్లాడటం వాళ్ళకి ఇష్టం ఉండదు. అవును, ఇల్లే. పాత పబ్బుల్లో నడిపేవాళ్ళు పై అంతస్తులోనే కాపురం ఉండేవారు. పిల్లలు స్కూలు నుంచి బార్ పక్క మెట్ల మీదుగా ఇంట్లోకి వెళ్ళేవారు. కింద ఎవరైనా గట్టిగా అరిస్తే, "పైన పాప పడుకుంది" అని ఆవిడ కసిరేది. ఎంత తాగినవాడైనా గొంతు తగ్గించేవాడు.

ఆ పబ్‌లో మూడు గదులుండేవి. నేను ఇవాళ చెప్పాలనుకున్నదంతా ఈ మూడు గదుల గురించే, కాబట్టి కొంచెం ఓపిగ్గా వినండి.

వీధి వైపు తలుపు తీస్తే మొదట వచ్చేది వాల్ట్. ఇంగ్లండ్ దక్షిణాదిన దాన్ని పబ్లిక్ బార్ అంటారు, ఇక్కడ మాత్రం వాల్ట్ అనేవారు. నేల మీద తివాచీ ఉండదు, చెక్క బెంచీలు, గోడకి డార్ట్స్ బోర్డు. పని బట్టలతో నేరుగా వచ్చి కూర్చోవచ్చు. పింట్ బీరు ధర పక్క గది కంటే ఒకటి రెండు పెన్నీలు తక్కువ. దాని వెనక బెస్ట్ రూమ్. అక్కడ తివాచీ, మెత్తటి సీట్లు, ఒక పాత పియానో. శనివారం సాయంత్రం భార్యాభర్తలు మంచి బట్టలు వేసుకుని వచ్చి కూర్చునేది అక్కడ. ఈ రెండింటి మధ్య స్నగ్ అని ఒక బుల్లి గది. నలుగురు పడితే నిండిపోతుంది. కౌంటర్‌లోకి తెరుచుకునే ఒక చిన్న కిటికీ, దానికి పువ్వులు చెక్కిన మసక అద్దం. ఆ కిటికీ తట్టి కావలసింది అడిగితే లోపలి నుంచి అందిస్తారు. స్నగ్‌లో ఎవరున్నారో మిగతా పబ్‌కి కనపడదు.

నేను మొదట కూర్చున్నది స్నగ్‌లో. అక్కడ రోజూ సాయంత్రం ఇద్దరు ముసలమ్మలు కూర్చునేవారు. ఇద్దరూ ఒకప్పుడు యాంకోట్స్ నూలు మిల్లుల్లో పనిచేసినవాళ్ళే. నేను టెక్స్‌టైల్స్ చదువుతున్నానని తెలిశాక నన్ను వదల్లేదు. మగ్గాల చప్పుడులో మాట వినపడదు కాబట్టి మిల్లుల్లో ఆడవాళ్ళు పెదవుల కదలికతోనే మాట్లాడుకునేవారట. ఆ అలవాటు వాళ్ళకి పోలేదు. ఒకరికొకరు ఏదైనా రహస్యం చెప్పుకోవాలంటే గొంతు రాకుండా పెదవులు మాత్రం కదిపేవారు. దారం తెగితే చేతివేళ్ళతో ఎలా అతికించేవారో నాకు బల్ల మీద చేసి చూపించారు. నా కోర్సులో నేర్చుకున్న చాలా విషయాలు మర్చిపోయాను. ఆ వేళ్ళు మాత్రం గుర్తున్నాయి.

వాల్ట్‌లోకి వెళ్ళడానికి నాకు రెండు నెలలు పట్టింది. అక్కడ డొమినోలు ఆడే ఆరుగురి జట్టు ఉండేది. రౌండ్ అనే పద్ధతి నేను నేర్చుకున్నది వాళ్ళ దగ్గరే. కలిసి కూర్చున్నవాళ్ళలో ఒక్కొక్కరు వంతులవారీగా అందరికీ కొంటారు. నేను తాగేది లెమనేడే అయినా నా వంతు వచ్చినప్పుడు నేను అందరికీ బీరు కొనాల్సిందే. నాది చవక, వాళ్ళది ఖరీదు అని లెక్క వేయకూడదు. మొదటిసారి నా దగ్గర సరిపడా డబ్బు లేకపోతే, వాళ్ళలో ఒకాయన ఏమీ అనకుండా బల్ల కింద నుంచి నా చేతిలో నోటు పెట్టాడు. వెళ్ళి నేనే కొన్నట్టు తెచ్చాను. ఆ సంగతి ఆయన తర్వాత ఎప్పుడూ ఎత్తలేదు.

అప్పట్లో మధ్యాహ్నం మూడింటికి పబ్ మూసేసి మళ్ళీ ఐదున్నరకి తెరిచేవారు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆయుధాల ఫ్యాక్టరీల కార్మికులు తాగి పని పాడుచేస్తారని పెట్టిన ఆంక్ష అది. యుద్ధం అయిపోయాక కూడా డెబ్బై ఏళ్ళు నడిచింది. 1988 చట్టంతో మామూలు రోజుల్లో పోయింది, ఆదివారాలకి ఇంకొన్నేళ్ళు పట్టింది. రాత్రి గంట కొట్టి "లాస్ట్ ఆర్డర్స్" అనేవారు. రెండోసారి గంట కొడితే "టైమ్". గ్లాసులో ఉన్నది ముగించడానికి అప్పుడు పది నిమిషాలిచ్చేవారు. ఆ పది నిమిషాల్లో ఎంత ముఖ్యమైన మాటలు జరిగేవో! సాయంత్రమంతా నోరు మెదపని మనిషి, గంట కొట్టాక తన భార్యకి జబ్బు చేసిందని చెప్పేవాడు.

ఇక్కడ ఒక విషయం దాచకుండా చెప్పాలి. ఆ గోడలు అందరికీ మేలు చేయలేదు. చాలా వాల్ట్‌లలోకి ఆడవాళ్ళని రానిచ్చేవారు కాదు. 1975లో లింగ వివక్ష నిషేధ చట్టం వచ్చిన తర్వాత కూడా, లండన్‌లో ఎల్ వీనో అనే వైన్ బార్ ఆడవాళ్ళకి కౌంటర్ దగ్గర నిలబడి తాగే వీలు లేదంది. 1982లో అప్పీలు కోర్టు అది తప్పని తేల్చేదాకా ఆ పద్ధతి నడిచింది. ఇక మనలాంటి వాళ్ళ సంగతి. బర్మింగ్‌హామ్ పక్కన స్మెథిక్‌లో కొన్ని పబ్బులు భారతీయులకి, కరీబియన్లకి ఒక గదిలో మాత్రమే పోసేవి, మరో గదిలో పోసేవి కావు. ఇండియన్ వర్కర్స్ అసోసియేషన్ వాళ్ళు ఆ పబ్బుల్లోకి వెళ్ళి కూర్చుని, పోయమని పట్టుబట్టారు. 1965 ఫిబ్రవరిలో అమెరికా నల్లజాతి నాయకుడు మాల్కమ్ ఎక్స్ స్మెథిక్ వచ్చినప్పుడు వాళ్ళతో కలిసి అలాంటి ఒక పబ్‌లోకి వెళ్ళాడు. తొమ్మిది రోజుల తర్వాత న్యూయార్క్‌లో ఆయన్ని కాల్చి చంపారు. అదే ఏడాది చివర్లో వచ్చిన జాతి సంబంధాల చట్టం, పబ్బుల్లాంటి చోట్ల వివక్షని నిషేధించింది. నేను ఆ వాల్ట్‌లో దర్జాగా కూర్చున్నానంటే, దాని వెనక వాళ్ళు కూర్చున్న ఆ కూర్చోవడం ఉంది. పాత పబ్బుల మీద ప్రేమ ఉన్నవాళ్ళు ఈ ముక్క వదిలేసి మాట్లాడితే నాకు బాధగా ఉంటుంది.

కాబట్టి గోడలు ఉండాలా, పోవాలా అంటే, మనుషుల్ని ఆపే గోడలు పోవాల్సిందే. పోయాయి కూడా. కానీ బ్రూవరీలు, అంటే బీరు తయారుచేసే కంపెనీలు, పడగొట్టినవి వేరే గోడలు.

1987 వేసవిలో ఆ పబ్ మూడు వారాలు మూసి ఉంది. మళ్ళీ తెరిచినప్పుడు లోపలికి వెళ్తే నాకు దారి తెలియలేదు. వాల్ట్ లేదు, స్నగ్ లేదు, బెస్ట్ రూమ్ లేదు. ఈ చివర నుంచి ఆ చివరకి ఒకే హాలు. చెక్కిన అద్దాలు లేవు. నేలంతా ఎర్ర తివాచీ. మూల మూలకీ మెరిసే జూదం మెషీన్. ఎందుకిలా అని అడిగితే ల్యాండ్‌లార్డ్, అంటే పబ్ నడిపే ఆయన, భుజాలు ఎగరేశాడు. పబ్ ఆయనది కాదు, బ్రూవరీది. వాళ్ళు చెప్పిన బీరే అమ్మాలి, వాళ్ళు చెప్పినట్టే మార్చాలి. ఒకే హాలయితే కౌంటర్ వెనక ఒక్క మనిషి చాలు, అందరూ కనపడతారు, జీతం మిగులుతుంది. దేశమంతా 1960ల నుంచి ఇదే పని జరిగింది. లోపలి గదులు పాతకాలం నాటివి చెక్కుచెదరకుండా మిగిలిన పబ్బులు ఇప్పుడు బ్రిటన్ మొత్తం మీద కొన్ని వందలే. 1971లో మొదలైన క్యామ్రా అనే బీరు ప్రియుల సంస్థ వాటి జాబితా వేసి కాపాడే ప్రయత్నం చేస్తోంది.

ఆ హాల్లోకి ముసలమ్మలు ఒకటి రెండుసార్లు వచ్చారు. మధ్యలో బల్ల దగ్గర కూర్చుంటే అందరూ చూస్తున్నట్టుంది అన్నారు. ఆ తర్వాత రాలేదు. డొమినో జట్టుది ఇంకో ఇబ్బంది. డొమినో బిళ్ళ బల్ల మీద కొడితేనే ఆటకి అందం. వాల్ట్‌లో అది వాళ్ళ చప్పుడు. హాల్లో అది అందరి నెత్తినా చప్పుడు. ఎవరో మెల్లగా కొట్టమన్నారు. వాళ్ళు వారం వారం తగ్గిపోతూ, చివరికి ఇద్దరు మిగిలారు. పబ్ తలుపు ఇంకో పదకొండేళ్ళు తెరిచే ఉంది. నా లెక్కలో మాత్రం అది 1987లోనే పోయింది.

ఇది ఒక్క పబ్ సంగతి. ఊరి నడిబొడ్డు మొత్తం తీసుకుంటే, ఒక్కో తరంలో ఒక్కో కారణం. విదీ గ్రోవ్ వీధిలో సెవెన్ స్టార్స్ అనే పబ్ ఉండేది. దేశంలోనే అతి పాత లైసెన్సు తమదని, అది 1356 నాటిదని చెప్పుకునేవారు. 1605లో పార్లమెంటుని పేల్చేయబోయిన గై ఫాక్స్ అక్కడ దాక్కున్నాడని కూడా కథ. దాన్ని 1911లో కూల్చేశారు. అంటే పాత పబ్ పోయిందని ఈ ఊరు ఏడవడం కొత్త కాదు. 1830 బీరు చట్టం వచ్చాక రెండు గినీలు (అప్పటి డబ్బు లెక్క) కట్టి లైసెన్సు తీసుకుంటే పన్ను కట్టే గృహస్థు ఎవరైనా తన ఇంట్లోనే బీరు అమ్ముకోవచ్చు. మిల్లుల చుట్టూ వీధి వీధినా అలాంటివి పుట్టుకొచ్చాయి. వాటిలో ఎక్కువ భాగం ఆ ఇళ్ళతో పాటే, ఆ వీధులతో పాటే పోయాయి. 1970లలో ఆర్న్‌డేల్ సెంటర్ అనే పెద్ద షాపింగ్ మాల్ కట్టినప్పుడు వీధులకి వీధులే దాని కిందకి వెళ్ళిపోయాయి. ఆ పసుపు పలకల గోడ కింద ఎన్ని తలుపులున్నాయో అని నేను కొత్తలో అడిగేవాణ్ణి. ప్రతి ముసలాయనా ఒక్కో అంకె చెప్పేవాడు.

పనులు తరలిపోతే పబ్బులు కూడా తరలినట్టే. స్మిత్‌ఫీల్డ్ కూరగాయల మార్కెట్ చుట్టూ తెల్లవారుజామునే తెరిచే పబ్బులుండేవి, మూటలు మోసేవాళ్ళ పని అప్పటికే సగం అయిపోయేది కాబట్టి. 1970ల మొదట్లో మార్కెట్ ఓపెన్‌షాకి వెళ్ళిపోయింది. విదీ గ్రోవ్‌లో పత్రికల ప్రెస్ ఉన్నంత కాలం అచ్చు పనివాళ్ళ కోసం చుట్టుపక్కల పబ్బులు కిటకిటలాడేవి. 1980లలో ప్రెస్ ఆగింది. ఇప్పుడు అదే కట్టడాన్ని ప్రింట్‌వర్క్స్ అంటున్నాం, సినిమాలకి వెళ్తున్నాం. ఇక స్ట్రేంజ్‌వేస్ దగ్గర బాడింగ్టన్స్ బ్రూవరీ. 1778 నాటిది. గాలి అటు నుంచి వీస్తే ఊళ్ళోకి ఉడికిన గింజల వాసన వచ్చేది. వేడిగా, కొంచెం తియ్యగా ఉండేది ఆ వాసన. తాగని నాకు కూడా ఆ వాసన ఇష్టం. 2005 ప్రాంతంలో అక్కడ తయారీ పూర్తిగా ఆగిపోయింది, 2007లో కూల్చేశారు. వాసన పోయిన రోజు ఏదో ఎవరికీ గుర్తుండదు. కొన్నాళ్ళకి, అరె, రావడం లేదే అనుకున్నాం.

చట్టాల సంగతి త్వరగా చెప్పేస్తాను. 1989లో ప్రభుత్వం, పెద్ద బ్రూవరీల చేతుల్లో పబ్బులు మరీ ఎక్కువున్నాయని, రెండు వేలు దాటితే ఆ దాటిన వాటిలో సగాన్ని తమ పట్టు నుంచి వదిలేయాలంది. ఉద్దేశం మంచిదే. కానీ ఆ పబ్బుల్ని కొన్నది నడిపేవాళ్ళు కాదు. పబ్బులు మాత్రమే కొని అద్దెకిచ్చే పెద్ద కంపెనీలు పుట్టి, అప్పులు చేసి కొన్నాయి. అప్పు తీరాలంటే అద్దె పెరగాలి, బీరు ధర పెరగాలి. అది చాలకపోతే స్థలం అమ్మాలి. పక్కన సూపర్‌మార్కెట్‌లో డబ్బా బీరు చవక. 2007 జూలై 1న ఇంగ్లండ్‌లో పొగ తాగడం నిషేధించారు. అది ఆరోగ్యానికి మంచిదే, నేనూ హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. కానీ సగం మంది గుమ్మం బయటకి వెళ్ళిపోయారు. 2000లో దేశం మొత్తం మీద దాదాపు 60 వేల పబ్బులుండేవి. ఇప్పుడు 50 వేల లోపే.

వీటన్నిటిలో నా మనసుకి బాగా తగిలింది టామీ డక్స్ అనే పబ్. ఈస్ట్ స్ట్రీట్‌లో, మిడ్‌ల్యాండ్ హోటల్ వెనక ఉండేది. అసలు యజమాని పేరు డక్‌వర్త్ అని, బోర్డు రాసేవాడికి చోటు చాలక డక్స్ దగ్గర ఆపేశాడని చెప్పేవారు. లోపల అద్దం మూత పెట్టిన శవపేటికలే బల్లలు. పైకప్పు నిండా ఆడవాళ్ళ లోదుస్తులు గుచ్చి ఉండేవి. మొదటిసారి వెళ్ళినప్పుడు తల పైకెత్తలేక, శవపేటిక మీద గ్లాసు పెట్టలేక, ఎటు చూడాలో తెలియక సిగ్గుతో చచ్చిపోయాను. మా స్నేహితులు ఇప్పటికీ ఆ మాట గుర్తుచేస్తారు. చుట్టుపక్కల కట్టడాలన్నీ పోయి అదొక్కటే మిగిలింది. దాన్ని కాపాడే ఉత్తర్వు ఒకటి ఉండేది. 1993లో ఆ ఉత్తర్వు గడువు తీరీ తీరగానే, తెల్లవారేలోపు యంత్రాలు వచ్చాయి. పొద్దున్న ఆఫీసులకి వచ్చినవాళ్ళకి ఇటుకల గుట్ట కనిపించింది. నేను మధ్యాహ్నం వెళ్ళి చూశాను. కంచె బయట ముప్పై నలభై మంది ఊరికే నిలబడి ఉన్నారు. సూటు వేసుకున్నాయన ఒకాయన ఇటుక ముక్క ఇమ్మని కూలివాణ్ణి అడిగాడు. ఆ కూలివాడు పాపం, తలుపు దగ్గర నుంచి ఏరి మంచి ముక్క ఇచ్చాడు.

అలా రాత్రికి రాత్రే కూల్చేస్తే ఏం చేయగలం అని అప్పట్లో అనుకునేవాళ్ళం. చేయగలం అని తర్వాత తెలిసింది. లండన్‌లో మేడా వేల్ దగ్గర కార్ల్‌టన్ టావెర్న్ అనే పబ్‌ని 2015 ఏప్రిల్‌లో అనుమతి లేకుండా కూల్చేశారు. స్థానికులు ఊరుకోలేదు. ఎలా ఉండేదో అలాగే తిరిగి కట్టమని కౌన్సిల్ ఆదేశించింది. కట్టారు. 2021 ఏప్రిల్‌లో తలుపులు తెరిచారు. గదులతో సహా! ఇంగ్లండ్‌లో 2017 నుంచి పబ్ కూల్చాలంటే ప్లానింగ్ అనుమతి తప్పనిసరి. మన ఊళ్ళో బూటిల్ స్ట్రీట్‌లో ఉన్న సర్ రాల్ఫ్ అబర్‌క్రాంబీ అనే పబ్ కూడా అలాగే దక్కింది. 1819 ఆగస్టు 16న పీటర్లూలో, ఓటు హక్కు అడగడానికి చేరిన జనం మీదకి గుర్రపు దళాన్ని తోలిన మైదానం దానికి దగ్గరే. పెద్ద భవంతుల పథకంలో దాన్ని తీసేస్తామన్నారు. జనం గొడవ చేశాక 2017లో పథకం మార్చి ఉంచారు.

ఓల్డ్ వెల్లింగ్టన్ పబ్ మీ అందరికీ తెలుసు, 1552 నాటిది. పర్యాటకులు ఫోటోలు తీసుకునేది దాని దగ్గరే. అది మొదట అక్కడ లేదు. 1970లలో కొత్త కట్టడాల కోసం దాన్నీ, పక్కనున్న సింక్లెయిర్స్ పబ్‌నీ నాలుగడుగుల పైన ఎత్తు లేపారు. 1996 జూన్ 15న ఊరి నడిబొడ్డున ఐరిష్ రిపబ్లికన్ ఆర్మీ పెట్టిన బాంబు పేలాక, కొత్త వీధి కోసం రెండింటినీ విప్పి, కొంత దూరం జరిపి, చర్చి పక్కన నిలబెట్టారు. నాకు ఆ కట్టడాన్ని చూస్తే సంతోషమే. కాలవ పక్క పబ్‌ని ఎవరూ ఎత్తి జరపలేదు. దానికి అంత వయసు లేదు, అందం కూడా లేదు. దానికున్నవల్లా మూడు గదులు.

1998లో అది మూతపడే ముందు రోజు ల్యాండ్‌లార్డ్ నన్ను రమ్మని కబురు చేశాడు. లోపల వేలం వేసే వస్తువులకి చీట్లు అంటించి ఉన్నాయి. ఆయన మెట్ల కింద గది తెరిచి, నీళ్ళ తొట్టిలోంచి ఒక చెక్క బిళ్ళ తీశాడు. వాల్ట్‌లోని పాత డార్ట్స్ బోర్డు. గోడలు పడగొట్టినప్పుడు దాన్ని పారేయమన్నారట. ఆయన పారేయకుండా, పదకొండేళ్ళ పాటు నీళ్ళు మారుస్తూ దాచాడు. ఇది మాంచెస్టర్ లాగ్ ఎండ్ బోర్డు. మొద్దుని అడ్డంగా కోసిన బిళ్ళ, మామూలు బోర్డు కంటే చాలా చిన్నది, ట్రెబుల్స్, అంటే మూడు రెట్లు పాయింట్లిచ్చే గడులు, ఉండవు. ఎండితే పగులుతుంది కాబట్టి ఆట లేనప్పుడు నీళ్ళలో ఉంచాలి. తడికి చెక్క ఉబ్బి, బాణాలు గుచ్చిన చిల్లులు మూసుకుంటాయి. "నువ్వు తాగవు కాబట్టి మర్చిపోకుండా నీళ్ళు మారుస్తావు" అని నా చేతిలో పెట్టాడు.

ఇవాళ తీసుకొచ్చాను. ఆ వెనక బల్ల మీద, తడి గుడ్డలో చుట్టి ఉంది. టీ తాగాక చూడాలనుకున్నవాళ్ళు రండి, బాణాలు కూడా ఉన్నాయి. మామూలు బోర్డులో లాగా పైన 20 కోసం వెతకకండి, దీనికి పైన 4 ఉంటుంది.